పచ్చనివన్నీ మేత కావు

అడవి అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేది పులి. మైసూరు నుంచి ఊటీ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడి దగ్గర్నుంచి, కబిని దగ్గర సఫారీ జీపు ఎక్కిన తాతగారి దాకా అందరి ప్రశ్నా ఒక్కటే: "పులి కనిపిస్తుందా?" దారి పక్కన గుంపుగా మేస్తున్న చుక్కల దుప్పులను ఒక నిమిషం చూసి "జింకలే కదా" అని తల తిప్పుకుంటాం. వెదురు పొదను వంచుకొని తింటున్న ఏనుగును ఇంకో రెండు నిమిషాలు చూసి ఫోటో తీసుకుంటాం. అవి ఏం తింటున్నాయి, ఎందుకు అదే తింటున్నాయి, తిన్న తరువాత ఆ మొక్క ఏమవుతుంది అని ఆలోచించేవాళ్ళు తక్కువ.

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే ఉద్యోగరీత్యా బండీపుర అడవి అంచు పల్లెల్లో కొన్నేళ్ళు తిరిగాను. ఆ తరువాత ఈ అడవుల మీద శాస్త్రజ్ఞులు రాసినవి దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. గడ్డీ ఆకులూ తిని బతికే జంతువులకూ వాటి మేతకూ మధ్య ఉన్న సంబంధం తెలిస్తే, అడవిని చూసే చూపే మారిపోతుంది. ఆ సంగతులు కొన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనే ఈ ప్రయత్నం.

కర్ణాటకలోని బండీపుర, నాగరహొళె, బిళిగిరి రంగన బెట్ట, తమిళనాడులోని ముదుమలై, సత్యమంగళం, కేరళలోని వయనాడు - పటంలో పేర్లు వేరైనా ఇవన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న అడవులు. 1941లో మైసూరు మహారాజావారు ఇక్కడ వేణుగోపాల వన్యమృగ ఉద్యానవనం ఏర్పాటు చేశారు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు తొలి విడతలో ఎంపికైన తొమ్మిది అడవుల్లో బండీపుర ఒకటి. ఏనుగుకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. పచ్చిక ఎక్కడుంటే అదే దాని ఊరు.

పులి వెనుక అయిదు వందల నోళ్ళు

ముందు పులి సంగతే చూద్దాం. నాగరహొళెలో దశాబ్దాల పాటు పులుల మీద పరిశోధన చేసిన డాక్టర్ ఉల్లాస్ కారంత్ చెప్పే లెక్క చాలా సులభంగా అర్థమవుతుంది. ఒక పులి సుమారు వారానికొకటి చొప్పున ఏడాదికి 50 పెద్ద జంతువులను చంపి తింటుంది. మేసే జంతువుల మందలో ఏటా పదో వంతు పులికి పోయినా, కొత్తగా పుట్టే పిల్లలతో ఆ లోటు పూడిపోతుంది. అంతకు మించితే మంద తరిగిపోతుంది. అంటే ఒక్క పులి బతకాలంటే 500 దుప్పులో, కణుజులో, అడవిదున్నలో ఉండాలి.

బ్యాంకులో మేం రోజూ చెప్పే మాటే ఇది. అసలు కదలకుండా వడ్డీ మీద బతకాలి. ఇక్కడ అసలు ఆ 500 జంతువులు. వాటికీ ఒక అసలు ఉంది. అది అడవిలోని గడ్డి, ఆకు, పండు, బెరడు. పులిని కాపాడడమంటే చివరికి గడ్డిని కాపాడడమే.

గడ్డి చేసుకున్న ఏర్పాటు

రోజూ ఇన్ని నోళ్ళు కొరుకుతుంటే గడ్డి ఎలా మిగులుతోంది? దానికి కారణం గడ్డి పెరిగే తీరు. చాలా మొక్కలు కొస నుంచి పెరుగుతాయి. చిగురు తుంచితే ఆ కొమ్మ ఆగిపోతుంది. గడ్డిపోచ అలా కాదు, మొదలు నుంచి పెరుగుతుంది. పై భాగం ఎన్నిసార్లు మేసినా నేలకు అంటుకొని ఉన్న మొదలు మళ్ళీ పచ్చని పోచను పైకి పంపుతుంది. తగుమాత్రంగా మేస్తే నీడ తగ్గి కొత్త పిలకలు వస్తాయి. దుప్పులు రోజూ మేసే మైదానంలో గడ్డి కురచగా, లేతగా ఉండడానికి కారణమిదే.

అలాగని మొక్కలు చేతులు కట్టుకొని కూర్చోవు. గడ్డిలో ఇసుకలాంటి సిలికా పదార్థం ఉంటుంది, అది పళ్ళను అరగదీస్తుంది. ఏనుగుకు జీవితకాలంలో దవడపళ్ళు ఆరు విడతలుగా వస్తాయి. ఒక జత అరిగిపోతే వెనుక నుంచి మరో జత ముందుకు జరుగుతుంది. ఆరో విడత కూడా అరిగిపోయిన ముసలి ఏనుగు నమలలేక చిక్కి చనిపోతుంది. తుమ్మకు ముళ్ళున్నాయి. చాలా చెట్ల ఆకుల్లో వగరు ఉంటుంది, ఆ వగరు కడుపులో మాంసకృత్తులను పట్టేసి అరగనివ్వదు. కొన్నిటిలో ఏకంగా విషమే ఉంటుంది.

ఇంత చేసినా జంతువులు ఊరుకుంటాయా? గడ్డిలోని పీచును ఏ పాలిచ్చే జంతువూ తనంతట తాను అరిగించుకోలేదు. అందుకు కడుపులో కోట్లాది సూక్ష్మజీవులను పెంచుకుంటుంది. ఆవు, దుప్పి, అడవిదున్న వంటి నెమరువేసే జంతువులకు నాలుగు గదుల పొట్ట. గబగబా మేసి, నీడకు చేరి, తీరిగ్గా నెమరువేసి, మేతలోని సారమంతా పిండుకుంటాయి. ఏనుగు పద్ధతి వేరు. దానికి నెమరు లేదు. పేగుల చివరి భాగంలో ఉండే సూక్ష్మజీవులే దానికి సాయం చేస్తాయి. తిన్నదానిలో సగం కూడా అరగదు. అందుకే పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి, రోజులో ఎక్కువ భాగం మేస్తూనే గడపాలి. నాణ్యత తక్కువైనా పరిమాణంతో సరిపెట్టుకోవడం ఏనుగు వ్యాపార సూత్రం.

ఎవరి విస్తరి వారిది

ఒకే అడవిలో ఇన్ని రకాల జంతువులు కొట్టుకోకుండా ఎలా బతుకుతున్నాయన్నది మరో ప్రశ్న. పెళ్ళి పంక్తిలో ఎవరి విస్తరి వారికి ఉన్నట్టే అడవిలోనూ ఉంటుంది. చుక్కల దుప్పికి కురచ గడ్డి, లేత పచ్చిక ఇష్టం. అందుకే అది గుంపులుగా బయలులో ఉంటుంది. అడవిదున్న ముతక గడ్డినీ, వెదురునూ, బెరడునూ కూడా తినగలదు. కణుజు దట్టమైన చెట్ల మధ్య గడ్డీ ఆకులూ కలిపి మేస్తుంది. నాలుగు కొమ్ముల కొండగొర్రె చిన్న జంతువు. ఎక్కువ అక్కర్లేదు కాని మంచిది కావాలి, లేత చిగుళ్ళనూ రాలిన పండ్లనూ ఏరుకొని తింటుంది. పైన చెట్టు మీద కొండముచ్చు. అది తినేదానికన్నా కింద పారేసేదే ఎక్కువేమో అనిపిస్తుంది. ఎండాకాలంలో కొండముచ్చులున్న చెట్టు కింద చుక్కల దుప్పులు చేరి, రాలిన ఆకులూ పూలూ తినడం ఈ అడవుల్లో ఎవరైనా చూడవచ్చు. పులి వస్తే పైనుంచి కొండముచ్చు అరిచి హెచ్చరిస్తుంది కూడా.

కాలాన్ని బట్టి విస్తరి మారుతుంది. సత్యమంగళం, చామరాజనగర అడవుల్లో 1981-83 మధ్య ఏనుగుల వెంట తిరిగి పరిశోధించిన ఆచార్య రామన్ సుకుమార్, అవి 112 రకాల మొక్కలు తింటాయని లెక్కతేల్చారు. అయితే అందులో 25 రకాలే మేతలో దాదాపు 85 శాతం. తొలకరి వానలకు గడ్డి లేతగా ఉన్నప్పుడు ఏనుగులు గడ్డి మీద పడతాయి. ఎండలు ముదిరి గడ్డి ఎండి, అందులో మాంసకృత్తులు తగ్గిపోగానే ఆకులకూ బెరడుకూ మళ్ళుతాయి. వేసవిలో కబిని జలాశయంలో నీరు వెనక్కి తగ్గి, తేలిన నేలలో పచ్చిక మొలిచినప్పుడు, చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులు వందల సంఖ్యలో అక్కడికి చేరతాయి. 1974లో కట్టిన ఆనకట్ట ఈ విధంగా ఏనుగుల వేసవి మేతస్థలమైంది.

మేసేవాళ్ళే అడవి రూపాన్ని దిద్దుతారనడానికి ముదుమలైలో మంచి సాక్ష్యం ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు 1988లో అక్కడ 50 హెక్టార్ల అడవిని గుర్తించి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ నంబరు వేశారు. మన లెడ్జర్లలాగే ఏ చెట్టు పెరిగింది, ఏది చచ్చింది అని అప్పటినుంచీ రాస్తూ వస్తున్నారు. మొదట్లో ఆ స్థలంలో కిడియా అనే బెండ కుటుంబపు చెట్టు వేల సంఖ్యలో ఉండేది. ఏనుగులకు దాని బెరడంటే ప్రాణం. విరిచి, చీల్చి తినగా తినగా కొన్నేళ్ళలోనే అది బాగా తగ్గిపోయింది. ఏనుగులు అంతగా ఇష్టపడని చెట్లు నిలబడ్డాయి. ఆ 50 హెక్టార్లలో ఏ చెట్టు ఉండాలో నిర్ణయించినవారిలో ఏనుగూ ఒకటి.

తినడమే నాటడం

మింగినదంతా పోయినట్టు కాదు. సంపద చడీచప్పుడు లేకుండా మాయమైతే మనవాళ్ళు ఏనుగు మింగిన వెలగపండుతో పోలుస్తారు. అడవి లెక్కలో అలా పోయినది చాలావరకు తిరిగి జమ అవుతుంది. ఏనుగు కడుపులో సగమే అరుగుతుందని చెప్పుకున్నాం కదా, ఆ లోపమే అడవికి వరం. మింగిన పండ్ల గింజలు చాలా భాగం చెక్కుచెదరకుండా కొన్ని కిలోమీటర్ల అవతల పేడతో పాటు నేలకు చేరతాయి. విత్తనంతో పాటు ఎరువు కూడా. ఆ పేడను పేడపురుగులు మట్టిలోకి దించుతాయి.

ఉసిరి సంగతి ఇంకా ముచ్చటైనది. మన కార్తీక వనభోజనాల ఉసిరి చెట్టే. అడవిలో దాని కాయలు రాలినప్పుడు చుక్కల దుప్పులు, మొరిగే జింకలు, చిన్న మూషిక జింకలు వచ్చి కాయలను తింటాయి. తరువాత ఏ నీడపట్టునో పడుకొని నెమరువేసేటప్పుడు గట్టి గింజలు నోట్లోకి వస్తే బయటికి ఉమ్మేస్తాయి. తల్లిచెట్టుకు దూరంగా గింజలు చేరాయి. ఉసిరికి కావలసిందదే. మనం ఉసిరి చెట్టు నాటామని ఫోటో వేయించుకుంటాం. దుప్పి ఏ ఫోటో లేకుండా వేలాది గింజలు చల్లుతుంది.

పాలకోసం కాదు, పేడ కోసం

ఇక నేను కళ్ళారా చూసిన సంగతికి వస్తాను. 1990ల మధ్యలో గుండ్లుపేట ప్రాంతంలో ఒక గ్రామీణ శాఖలో పనిచేశాను. పశువుల లోన్లు మా పనిలో పెద్ద భాగం. ఒకసారి తనిఖీకి వెళ్తే ఒక రైతు దొడ్డిలో బక్కచిక్కిన నాటు పశువులు పాతిక దాకా ఉన్నాయి. ఒక్కటీ పాలిచ్చేది కాదు. వీటిని ఎందుకు పెంచుతున్నావయ్యా అని అడిగాను. ఆయన నవ్వి, "హాలిగల్ల సార్, సగణిగె" అన్నాడు. పాలకోసం కాదు సార్, పేడ కోసం అని.

ఆ పేడ ఎక్కడికి వెళ్తోందో తరువాత తెలిసింది. పొద్దున్నే పశువులను అడవిలోకి తోలుతారు. రోజంతా అడవి గడ్డి మేసి, సాయంత్రం దొడ్డికి వస్తాయి. రాత్రి వేసిన పేడ పోగుచేస్తే, లారీలు వచ్చి కాఫీ తోటలకు ఎరువుగా తీసుకుపోతాయి. మేతకు ఖర్చు లేదు, రాబడి మాత్రం నగదు రూపంలో. రైతు దృష్టిలో ఇంతకన్నా మంచి వ్యాపారం ఏముంటుంది?

దీని వెనుక ఉన్న అసలు కథను మైసూరుకు చెందిన వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు ఎం.డి. మధుసూదన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు. కామర్సు విద్యార్థులందరూ చదవవలసిన పాఠమది. 1994లో బ్రెజిల్ దేశంలో మంచు కురిసి కాఫీ తోటలు దెబ్బతిన్నాయి. ప్రపంచ మార్కెట్లో కాఫీ ధర ఎగసింది. అదే కాలంలో మన దేశంలో కాఫీ బోర్డు కట్టుబాట్లు సడలిపోయి, 1996 నాటికి పెంపకందార్లు తమ కాఫీని స్వేచ్ఛగా అమ్ముకోగలిగారు. తోటల్లో డబ్బు కనిపించింది, ఎరువుకు గిరాకీ పెరిగింది. అంతవరకు సొంత పొలానికి వేసుకునే పేడ అమ్మకపు సరుకైంది. సరుకు విలువ పెరిగితే దాన్ని తయారుచేసే యంత్రాలు పెరుగుతాయి. ఇక్కడ ఆ యంత్రాలు పశువులు. బ్రెజిల్‌లో కురిసిన మంచుకు బండీపురలో గడ్డి తరిగింది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. అడవి గడ్డి అడవిదున్న తింటే దాని పేడ అడవిలోనే పడుతుంది. పల్లె పశువు తింటే అడవి సారం లారీ ఎక్కి పొరుగు జిల్లాకు పోతుంది. అడవి ఖాతాలో అన్నీ ఖర్చులే, జమ లేదు. పల్లె చేలకు అందవలసిన ఎరువు కూడా పోయింది. మా బ్యాంకు పుస్తకాల్లో మాత్రం ఆ లోన్లు వాయిదా తప్పకుండా తీరాయి. గడ్డికి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు.

ఇక్కడ రైతును తప్పుపట్టడం సులభం, న్యాయం కాదు. రెండెకరాల మెట్టభూమి, నమ్మకంలేని వాన. అలాంటి ఇంట్లో నెలనెలా చేతికొచ్చే పేడ డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టారు. ఈ వ్యవహారంలో అందరూ తమ తమ లాభం తెలివిగానే చూసుకున్నారు. మొత్తం మీద నష్టపోయింది అడవి.

పశువుల వల్ల మరో ప్రమాదమూ ఉంది. 1968లో పల్లె పశువుల నుంచి రిండర్‌పెస్ట్ అంటుకొని, ఈ అడవుల్లో అడవిదున్నలు పెద్దఎత్తున చచ్చిపోయాయి. కన్నడంలో దానికి దొడ్డరోగ అని పేరు. టీకాల పుణ్యమా అని 2011లో ఆ రోగాన్ని ప్రపంచం నుంచే నిర్మూలించినట్టు ప్రకటించారు. అడవికి తిరిగి లేచే శక్తి ఉందనడానికి కూడా రుజువుంది. బండీపురలో పశువులు సుమారు సగానికి తగ్గినచోట అడవిదున్నలు మళ్ళీ పెరిగాయని మధుసూదన్ 2004లోనే రాశారు. విస్తరి ఖాళీ చేస్తే వచ్చి కూర్చునేవాళ్ళు ఉన్నారన్నమాట.

మేత కాని పచ్చదనం

తెల్లనివన్నీ పాలు కావని మన పెద్దలు ఊరికే అనలేదు. అడవిలో పచ్చనివన్నీ మేత కావు. వానాకాలం తరువాత బండీపుర రోడ్డు మీద వెళ్తే రెండు పక్కలా దట్టమైన పచ్చదనం, మధ్యమధ్య పసుపు, నారింజ, గులాబీ రంగుల చిన్నచిన్న పూలగుత్తులు. "ఎంత బాగుందో!" అనుకుంటాం. దాని పేరు లాంటానా. తమిళంలో ఉన్నిచెడి అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. 1809లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అలంకారం కోసం తెచ్చారు. పిట్టలు దాని నల్లని పండ్లు తిని గింజలను దేశమంతా చల్లాయి.

లాంటానా ఆకులో విషముంది. మేసిన పశువుకు కాలేయం దెబ్బతింటుంది, ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. కాబట్టి దాన్ని ఏ జంతువూ కడుపునిండా మేయదు. పక్కనున్న గడ్డినీ చిగురునూ మాత్రం మేస్తుంది. చుట్టూ పోటీ తగ్గిపోయి లాంటానా మరింత విస్తరిస్తుంది. దాని నీడలో గడ్డి మొలవదు, చెట్ల మొలకలు పైకి రావు. బిళిగిరి రంగన బెట్టలో 1997లో పరిశీలించిన స్థలాల్లో 41 శాతం చోట్ల లాంటానా ఉంటే, 2008 నాటికి 81 శాతం చోట్లకు పాకింది. దేశంలో పులులు తిరిగే అడవుల్లో సుమారు 40 శాతం మేర లాంటానా ఆక్రమణలో ఉందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పైనుంచి ఫోటో తీస్తే పచ్చని అడవే. దుప్పికి మాత్రం అన్నం లేని వంటిల్లు.

అక్కడి సోలిగ గిరిజనులు దీనికొక కారణం చెబుతారు. పూర్వం ఎండాకాలం మొదట్లో రాలిన ఆకులకు తేలికపాటి నిప్పు పెట్టేవారు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. ఆ చిన్న మంట పొదలను అణచి, గడ్డికి దారి ఇచ్చేది. 1974లో అభయారణ్యం అయ్యాక ఆ నిప్పు ఆగిపోయింది. పొదలు పేరుకున్నాయి. ఇప్పుడు నిప్పు పడితే అది చిన్న మంటగా ఆగదు. 2019 ఫిబ్రవరిలో బండీపురలో వేల ఎకరాలు తగలబడ్డాయి.

దీనికి విరుగుడు లేదా అంటే ఉంది, ఓపిక కావాలి. పైపైన నరికితే మళ్ళీ మొలుస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్. బాబు బృందం కార్బెట్ అడవిలో, వేరును నేల లోపల నరికి, పొదను తలకిందులు చేసి, ఆ చోట దేశవాళీ గడ్డి పెంచే పద్ధతిని అమలుచేసి చూపించారు. మలెమహదేశ్వర బెట్టలో సోలిగలు లాంటానా పుల్లలతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. గూడలూరు ప్రాంతపు గిరిజన కళాకారులు అదే లాంటానాతో నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేశారు. 2021లో వాటిని లండన్ పార్కుల్లో ప్రదర్శించారు. ఏనుగు మేత మింగిన కంపతోనే ఏనుగు బొమ్మ!

రాగిచేలో ఏనుగు

అడవిలో విస్తరి చిన్నదైతే ఆకలి ఊళ్ళోకి వస్తుంది. ఆ బాధ మన తెలుగువారికి కొత్త కాదు. తరతరాలుగా మనవాళ్ళున్న హోసూరు, దెంకణికోట ప్రాంతాలకు రాగి పంట కోతకొచ్చే చలికాలంలో బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల గుంపులు ఏటా వస్తుంటాయి. 1980లలో కొన్ని గుంపులు కుప్పం, పలమనేరు దాకా చేరాయి. చిత్తూరు జిల్లాలో అంతకుముందు చాలా కాలంగా అడవి ఏనుగులు లేవు. 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది కూడా ఈ సమస్య కోసమే.

ఏనుగు రాగిచేనుకే ఎందుకు వస్తుంది? సుకుమార్ పరిశోధనలో జవాబుంది. ఆ కాలానికి అడవిలో గడ్డి ముదిరిపోతుంది. రాగిలో మాంసకృత్తులు, సున్నం, ఉప్పు అడవి గడ్డిలో కంటే ఎక్కువ. మన అమ్మమ్మలు రాగిసంకటి బలమని ఎందుకు పెట్టారో, ఏనుగూ అందుకే తింటుంది. పెద్ద మగ ఏనుగు సగటున ఏడాదికి 49 రాత్రులు చేలమీద పడితే, పిల్లలున్న ఆడ ఏనుగుల గుంపు 8 రాత్రులే వస్తుంది. పిల్లలున్నచోట తల్లి ప్రమాదానికి వెరుస్తుంది, ఒంటరి మగది తెగిస్తుంది.

శాస్త్రం ఇలా చెప్పినంత మాత్రాన రైతు కష్టం తీరదు. మంచె మీద చలిలో కూర్చొని, టపాకాయలు కాల్చి, డబ్బాలు మోగించి రాత్రంతా కాపలా కాసినా, తెల్లారేసరికి ఆరు నెలల కష్టం తొక్కేసి ఉంటుంది. దేశంలో ఏటా 400 నుంచి 600 మంది ఏనుగుల వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు. కరెంటు తీగలకు, విషానికి, రైళ్ళకు ఏనుగులూ చస్తున్నాయి. పేడ పరీక్షల ద్వారా డి.ఎన్.ఏ. ఆధారంగా వేసిన లెక్కను 2025లో ప్రకటించారు. దేశంలో 22,446 ఏనుగులున్నాయని, అందులో 6,013 కర్ణాటకలోనే ఉన్నాయని అంచనా. 2017 లెక్క కన్నా ఇది తక్కువ కనిపిస్తోంది. కాని లెక్క కట్టే పద్ధతి మారినప్పుడు పాత బ్యాలెన్సుతో కొత్త బ్యాలెన్సును పోల్చకూడదని మాలాంటివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

కందకాలు, సోలార్ కంచెలు, రైలు పట్టాలతో కట్టిన కంచెలు కొంత ఆపుతాయి. నష్టపరిహారం కోతలు లేకుండా, ఆలస్యం లేకుండా అందితే రైతు కోపం కొంత తగ్గుతుంది. అయితే అడవి లోపల గడ్డి పెరగనంతకాలం కంచె ఎంత గట్టిదైనా ఆకలి దాన్ని తోస్తూనే ఉంటుంది.

మన వంతు

అడవికి దూరంగా ఊళ్ళల్లో, నగరాల్లో ఉన్న మన కుటుంబాలు ఏం చేయగలవు? పెద్ద పనులు అక్కరలేదు. అడవి దారిలో వెళ్ళేటప్పుడు దుప్పులకూ కోతులకూ ఏనుగులకూ బిస్కెట్లు, అరటిపండ్లు విసరకండి. రోడ్డు పక్క ఉప్పు తిండికి అలవాటుపడ్డ జంతువు వాహనాల కింద పడుతుంది, లేదా మనుషుల మీద పడుతుంది. బండీపురలో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాల రాకపోకలు ఆపారు. అది మనకు అసౌకర్యమే, కాని రాత్రి మేతకు బయలుదేరే జంతువులకు ఆ తొమ్మిది గంటలే ఊపిరి.

నర్సరీల్లో లాంటానాను ఇప్పటికీ ముద్దుగా కుండీల్లో పెట్టి అమ్ముతున్నారు. అందానికి ముచ్చటపడి కొనకండి. మొక్క కొనేముందు నర్సరీవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "దీన్ని ఎవరు తింటారు?" ఎవరూ తినరు, తెగులు రాదు, నీళ్ళు అక్కరలేదు అని అతను గొప్పగా చెబితే, ఆ మొక్క గురించి మరోసారి ఆలోచించండి. స్థలముంటే ఉసిరి, వెలగ, నేరేడు, రేల వంటివి వేయండి.

పిల్లలను అడవికి తీసుకువెళ్తే పులి కనబడలేదని నిరాశపడనివ్వకండి. కొండముచ్చులున్న చెట్టు కింద జీపు కాసేపు ఆపించి, దుప్పులు ఏం తింటున్నాయో, ఏది ముట్టుకోకుండా వదిలేస్తున్నాయో చూడమనండి. ఆ వదిలేసిన మొక్క పేరు గైడును అడిగి పుస్తకంలో రాసుకోమనండి. అడవి ఎలా ఉందో ఆ చిన్న జాబితాయే వాళ్ళకు చెబుతుంది.